రోజుకో సినిమా, రోజుకో మార్కు: ఏడాది పాటు నడిపే పద్ధతి

మాది సఖినేటిపల్లి. ఉద్యోగం గోదావరి అవతలి ఒడ్డున, నరసాపురంలో. రోజుకో వేరే సినిమా చూసి, దానికో మార్కు వేసి పుస్తకంలో రాసుకోవడం నా అలవాటు. పొద్దున రేవు దాటించే పంటు ఎక్కగానే ఎవరో ఒకరు పలకరిస్తారు: "నిన్న ఏం చూశారండీ? ఎంత వేశారు?" ఆ వెంటనే రెండో మాట: "మేమూ మొదలెట్టామండి, పదిహేనో రోజుకే ఆగిపోయింది. మీకెలా కుదురుతోంది?" పంటు అవతలి రేవుకు చేరేలోపు తేలే సంగతి కాదిది. అందుకే వరసగా రాస్తున్నాను.

ఆగిపోయినవాళ్ళందరూ టైం లేదనే చెప్తారు. కాస్త కదిపితే అసలు సంగతి బయటికొస్తుంది. కొందరు ఏం చూడాలో తేల్చుకోలేక గంటసేపు వెతికి, విసుగొచ్చి పడుకున్నారు. కొందరి పుస్తకంలో మార్కులన్నీ ఒకేలా ఉండి, ఎందుకు రాస్తున్నామో అర్థం కాలేదు. మొదటిదానికి మందు జాబితా, రెండోదానికి మందు కొలత. జనవరిలో 3.5 వేసిన సినిమా, జూన్‌లో 3.5 వేసిన సినిమా ఒక స్థాయివి కాకపోతే ఆ పుస్తకంతో పనిలేదు. కుంచం రోజుకో సైజులో ఉంటే ఎంత పండిందో ఎవరు చెప్పగలరు?

## 1. ముందు లెక్క చూసుకోండి

రోజుకు రెండున్నర గంటల సినిమా అనుకుంటే ఏడాదికి 912 గంటలు దాటుతుంది. అంటే 38 రోజులు, రాత్రీ పగలూ కలిపి. సగటు రెండు గంటలకు తగ్గిస్తే 730 గంటలు, సుమారు 30 రోజులు. సినిమాకు అరగంట తేడాతో ఏడాదికి ఎనిమిది రోజులు మిగులుతున్నాయి. జాబితా రాసేటప్పుడు నిడివి చూడమనేది ఇందుకే.

మొదటిసారే ఏడాదికి మొక్కుకోవద్దు. 30 రోజులు పెట్టుకోండి. అది అయ్యాక 100.

మొదలుపెట్టే నెల కూడా చూసుకోండి. వ్యవసాయం ఉన్నవాళ్ళు సార్వా కోతల్లోనో, దాళ్వా కోతల్లోనో మొదలుపెడితే వారం కూడా నడవదు. సంక్రాంతి నెల ఎవరికీ కుదరదు. భోగి నుంచి ముక్కనుమ దాకా ఇల్లంతా చుట్టాలే, మీ చేతికి రిమోట్ రాదు.

## 2. ఏది లెక్కలోకి వస్తుందో ముందే రాసుకోండి

"వేరే సినిమా" అంటే ఏమిటన్నది మొదటి రోజే తేల్చకపోతే పన్నెండో రోజు రాత్రి పదకొండింటికి మీతో మీరే వాదించుకోవాల్సి వస్తుంది. నా నియమాలు ఇవి. మీవి వేరుగా ఉండొచ్చు, కానీ మధ్యలో మార్చకండి.

- 40 నిమిషాలు దాటినది సినిమా. ఆస్కార్ వాళ్ళు పూర్తి నిడివి చిత్రానికి పెట్టుకున్న గీత కూడా ఇదే.
- రీమేక్ వేరే సినిమా. మలయాళ 'దృశ్యం' (2013), తెలుగు 'దృశ్యం' (2014) రెండూ లెక్కలోకి వస్తాయి.
- డబ్బింగ్ వేరే సినిమా కాదు. ఒకే సినిమాను తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి చూస్తే ఒక్కటే.
- వెబ్ సిరీస్ ఎపిసోడ్ సినిమా కాదు, గంటన్నర ఉన్నా సరే.
- ఎప్పుడో చూసినది వారానికి ఒకటి ఒప్పుకుంటాను. పక్కన "మళ్ళీ" అని రాస్తాను.
- సగంలో ఆపేసినదానికి మార్కు లేదు. "ఆపేశాను" అని రాస్తాను, ఆ రోజు ఖాళీయే.

చివరి నియమం మీద నాతో చాలామంది గొడవపడ్డారు. "అంత చెత్తగా ఉంది కాబట్టే ఆపేశాం, ఒకటి వేస్తే తప్పేంటండీ?" అంటారు. సెకండాఫ్‌లో లేచి నిలబడ్డ సినిమాలు మనకెన్ని లేవు! చూడనిదానికి మార్కు వేయకండి.

## 3. కొలబద్ద తయారు చేసుకోవడం

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే పెట్టండి. ఒక ఆదివారం మధ్యాహ్నం పూర్తిగా పోయినా ఫర్వాలేదు.

మార్కులు ఎంతలో వేయాలి? వెబ్‌సైట్లలో 2.75, 3.25 అని కనిపిస్తాయి. 3కీ 3.25కీ తేడా ఏమిటో చెప్పమంటే నేనైతే చెప్పలేను. మనకు ఐదు మార్కులు, మధ్యలో అరలు చాలు. సున్నా వద్దు. అంటే అర నుంచి ఐదు దాకా పది మెట్లు.

అంకెకు ముందు మాట రాసుకోండి:

- 5: మళ్ళీ చూస్తాను, ఇంకొకరిని కూర్చోబెట్టి మరీ చూపిస్తాను.
- 4: మళ్ళీ చూస్తాను.
- 3: చూసినందుకు బాధ లేదు. మళ్ళీ అక్కర్లేదు.
- 2: ఒకటి రెండు మంచి ముక్కలున్నాయి, మిగతాది ఓర్చుకున్నాను.
- 1: రాత్రి పాడైంది.

ఇప్పుడు ఒక్కో పూర్తి అంకెకు ఒక్కో సినిమాను కట్టేయండి. మీరు కనీసం రెండుసార్లు చూసినది, ఏ సీను తర్వాత ఏ సీనో గుర్తున్నది అయ్యుండాలి. ఆ ఐదూ మీ కొలబద్ద సినిమాలు. నా 5 'మాయాబజార్' (1957). నా 1 పేరు చెప్పను. దాన్ని తీసినవాళ్ళు మా చుట్టాలకు బాగా తెలిసినవాళ్ళు, పెళ్ళిళ్ళలో ఎదురవుతుంటారు.

మార్కు వేసేటప్పుడు 3 దగ్గర మొదలుపెట్టండి. ఇవాళ్టి సినిమా నా 3 కన్నా మేలా, తక్కువా? మేలైతే నా 4తో పోల్చండి. 4 అంత లేదనిపిస్తే రెంటికీ మధ్యలో 3.5. తక్కువైతే 2తో పోల్చండి. మూడు ప్రశ్నలు దాటదు. "ఎంత వేయాలబ్బా" అని గోడ వైపు చూస్తూ కూర్చోవడం ఉండదు.

కథకు ఇన్ని, పాటలకు ఇన్ని, నటనకు ఇన్ని అని విడివిడిగా వేసి కూడేవాళ్ళు ఉన్నారు. నేనూ రెండు నెలలు అలాగే చేశాను. పాటలకు పదికి 9, కథకు 3 వచ్చిన సినిమా సగటు 6. అన్నిటికీ 6 వచ్చిన చప్పటి సినిమా సగటు కూడా 6. మొదటి సినిమా పాటలు ఇప్పటికీ స్నానం చేస్తూ పాడుకుంటాను, రెండోదాని హీరో ఎవరో గుర్తులేదు. కూడితే ఎత్తులూ పల్లాలూ ఒకదాన్నొకటి మింగేసి, అంతా మధ్యకు చేరుతుంది. విడి మార్కులు సరదాకు వేసుకోండి, కానీ అసలు మార్కు పోలికతోనే తేల్చండి.

"భక్తి సినిమాను, కామెడీని ఒకే కొలబద్దతో ఎలా కొలుస్తాం?" అని మా మేనల్లుడు అడిగాడు. మంచి ప్రశ్నే. పైన రాసుకున్న మాటలు చూడండి. అన్నీ మీరు మళ్ళీ చూస్తారా, ఇంకొకరికి చూపిస్తారా అనే అడుగుతున్నాయి. ఆ ప్రశ్న ఏ రకం సినిమాకైనా సరిపోతుంది.

## 4. జాబితా: ఒకేసారి 30, అంతకు మించి వద్దు

365 పేర్లు ముందే రాసేస్తే మూడో నెలకు అందులో సగం చూడబుద్ధి కాదు. ముప్ఫై రాయండి. అవి పదికి తగ్గినప్పుడు మళ్ళీ ఇరవై చేర్చండి. ప్రతి పేరు పక్కన మూడు సంగతులు ఉండాలి: నిడివి, ఎక్కడ దొరుకుతుంది, ఏ భాష.

వారాన్ని నిడివి ప్రకారం కోయండి. సోమవారం నుంచి శుక్రవారం దాకా 110 నిమిషాల లోపువి. శనివారం మామూలు తెలుగు సినిమా, రెండున్నర గంటలది. మూడు గంటలు దాటే 'మాయాబజార్', మూడున్నర గంటలకు దగ్గరగా ఉండే 'లవకుశ' (1963) లాంటివి ఆదివారం మధ్యాహ్నం భోజనం చేశాక.

మన సినిమాలు 110 నిమిషాల లోపు తక్కువ. అందుకే వారం మధ్యలో బయటి సినిమాలు ఉపయోగపడతాయి. 'బైసికిల్ థీవ్స్' (1948) 89 నిమిషాలు, 'రషోమాన్' (1950) 88, '12 యాంగ్రీ మెన్' (1957) 96. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదవడం అలవాటు లేనివాళ్ళు మాటలు లేని సినిమాతో మొదలుపెట్టండి. చాప్లిన్ 'సిటీ లైట్స్' (1931) 87 నిమిషాలే, పెద్దవాళ్ళతో కూర్చుని చూసినా ఎవరూ లేచిపోరు.

ఎంచుకోవడంలో తికమక తగ్గాలంటే వారానికో దారం పట్టుకోండి. నాకు బాగా కుదిరినది డెల్టా వారం. బస్సులోనో పంటులోనో వెళ్ళొచ్చేంత దూరంలో పుట్టిన ఏడుగురు దర్శకులు, రోజుకొకరు: బాపు (నరసాపురం), ఆదుర్తి సుబ్బారావు (రాజమండ్రి), దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ (ఇద్దరూ పాలకొల్లే), వంశీ (పసలపూడి), త్రివిక్రమ్ (భీమవరం), సుకుమార్ (మట్టపర్రు). ఇలాంటి వారాల్లో ఇంట్లోవాళ్ళు కూడా వచ్చి కూర్చుంటారు. "ఆ రేవు మనదేనర్రా" అని మా అమ్మ సినిమా మధ్యలో లేచి టీవీ దగ్గరికి వెళ్ళి వేలితో చూపించింది.

కానీ దారం నెలంతా సాగదీయొద్దు. ఒకే దర్శకుడివి వరసగా పది చూస్తే, పదోదానికి వేసే మార్కు ఆ సినిమాకు కాదు, మీ విసుగుకు.

## 5. సినిమా చేతిలో ఉండాలి: డేటా, కరెంటు, కాపీ

అన్ని ఓటీటీలకూ ఒకేసారి డబ్బు కట్టకండి. పాత తెలుగు సినిమాలు చాలావరకు నిర్మాణ సంస్థల, ఆడియో కంపెనీల అధికారిక యూట్యూబ్ ఛానెళ్ళలో ఉచితంగానే ఉన్నాయి. వాటికి తోడు నెలకు ఒక్క ఓటీటీ తీసుకోండి: ఈ నెల ఆహా, వచ్చే నెల ఈటీవీ విన్, ఆ తర్వాత ప్రైమ్ వీడియో. జాబితాను ఆ నెల ఓటీటీకి తగ్గట్టు రాయండి. థియేటర్‌లో ఎవరో ఫోన్‌తో తీసిన ప్రింటు జోలికి పోవద్దు. చట్టం మాట అలా ఉంచినా, మాట వినపడని సినిమాకు ఏం మార్కు వేస్తారు?

రోజువారీ డేటా ప్లాన్ ఉన్నవాళ్ళకు ఒక చిట్కా. ఆ రోజు కోటా అర్ధరాత్రితో అయిపోతుంది, మిగిలింది మరునాటికి రాదు. పదకొండింటికి ఎంత మిగిలిందో చూసి, దానితో రేపటి సినిమా ఫోన్‌లోకి దింపుకోండి. ఫోన్ తెరకు మామూలు క్వాలిటీ చాలు.

ముసురు పట్టినా, తుఫాను హెచ్చరిక వచ్చినా మా వైపు కరెంటు, సిగ్నల్ కలిసే పోతాయి. అందుకని మూడు పొట్టి సినిమాలు ఎప్పుడూ ఫోన్‌లో నిల్వ పెట్టుకుంటాను. దింపుకున్నవాటికి గడువు ఉంటుంది, కాబట్టి ఆదివారం ఆదివారం తెరిచి చూడండి. అవసరమైన రాత్రే "గడువు ముగిసింది" అని చూపిస్తే ఆ బాధ చెప్పనలవి కాదు. యూట్యూబ్‌లో అద్దెకు తీసుకునేవాటికి సాధారణంగా మొదలుపెట్టడానికి 30 రోజులు, మొదలుపెట్టాక పూర్తి చేయడానికి 48 గంటలు ఉంటాయి.

పాత సినిమాలకు ఇంకో చిక్కుంది. నెట్‌లో ఉన్న కాపీలో పాటలో, కామెడీ ట్రాకో కోసేసి ఉండొచ్చు. సెన్సార్ సర్టిఫికెట్ కనిపించే చోట ఆపి, నిడివి ఎన్ని మీటర్లని రాసి ఉందో చూడండి. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 27.4 మీటర్లు నడుస్తుంది. 4,400 మీటర్లంటే సుమారు 160 నిమిషాలు. టీవీ కోసం మార్చిన కాపీ అయితే సెకనుకు 24 ఫ్రేముల బదులు 25 నడుస్తుంది కాబట్టి 154 దాకా తగ్గొచ్చు, అది మామూలే. మీ కాపీ 130 ఉందంటే మాత్రం అరగంట ఎక్కడో పోయింది. ఇంకో కాపీ వెతకండి, దొరక్కపోతే మార్కు పక్కన "కోసిన కాపీ" అని రాయండి.

మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి

- నియమాలు ఒక పేజీలో రాశారా?
- ఐదు కొలబద్ద సినిమాల పేర్లు పుస్తకం లోపలి అట్ట మీద ఉన్నాయా?
- నిడివితో సహా 30 పేర్లున్నాయా?
- మూడు సినిమాలు ఫోన్‌లో నిల్వ ఉన్నాయా?
- ఇంట్లోవాళ్ళకు చెప్పారా?

చివరిది తేలిగ్గా తీసుకోకండి. సీరియల్ టైం ఏదో, వార్తల టైం ఏదో ముందే మాట్లాడుకోని ఇంట్లో ఈ పని వారం కూడా సాగదు.

## 6. వేళ

ఒకే వేళ పెట్టుకోండి. నాది రాత్రి ఎనిమిదిన్నర. భోజనం ఎనిమిదికే అయిపోవాలి, లేకపోతే కంచంతో కూర్చుని మొదటి ఇరవై నిమిషాలు చూడకుండానే పోతాయి. చేపల కూర ఉన్న రోజు సంగతి వేరే చెప్పక్కర్లేదు. ముళ్ళు చూసుకోవాలా, సబ్‌టైటిల్స్ చదువుకోవాలా?

రెండు ముక్కలుగా చూడటం వారానికి ఒక్కసారికే పరిమితం చేయండి, అదీ ఇంటర్వెల్ దగ్గరే ఆపండి. మన సినిమాలు అక్కడ ఆగేలాగే రాసి ఉంటాయి. ఇంటర్వెల్ లేని బయటి సినిమాలను మధ్యలో కోస్తే బాగా దెబ్బతింటాయి. నా పుస్తకంలో అలా కోసి చూసినవాటికి, తర్వాత ఒకే బిగిని చూసినప్పుడు, అర మార్కు పెరిగిన సందర్భాలే ఎక్కువ.

## 7. చూసేటప్పుడు

ఫోన్‌లో చూస్తున్నట్టయితే నోటిఫికేషన్లు ఆపేయండి. టీవీలో చూస్తున్నట్టయితే ఫోన్ వేరే గదిలో పెట్టండి. ఇయర్‌ఫోన్స్ వాడండి, వానాకాలంలో రేకుల కప్పు కింద ఇంకో దారి లేదు. స్పీడు పెంచి చూడకండి.

ఇంటర్వెల్ దగ్గర ఒక్క పని చేయాలి. పుస్తకం తెరిచి అప్పటిదాకా ఎంత అనిపించిందో ఒక అంకె వేయండి. ఇంటర్వెల్ లేకపోతే సగం అయ్యాక. పది సెకన్ల పని. దీనివల్ల క్లైమాక్స్ మోసం పట్టుబడుతుంది. చివరి పదిహేను నిమిషాలు గట్టిగా కొడితే ముందున్న గంటన్నర ల్యాగ్ అంతా మర్చిపోతాం. చివర చల్లబడితే బాగున్న ఫస్టాఫ్‌ను కూడా తిట్టేస్తాం. ఇంటర్వెల్ అంకె 2, చివరి అంకె 4.5 అయితే ఆగి ఆలోచించండి. నిజంగా అంత లేచిందా, లేక చివరి పాట ఊపులో ఉన్నారా?

## 8. మార్కు వేసే వరస

ఈ వరస తప్పకండి. ఒక మెట్టు పైకి కిందికి అయినా మార్కు మారిపోతుంది.

1. సినిమా అయిపోయాక ఐదు నిమిషాలు ఏమీ చేయకండి. మంచినీళ్ళు తాగి రండి.
2. మూడు వాక్యాలు రాయండి: గుర్తుండిపోయే ఒక దృశ్యం, అడ్డుపడ్డ ఒక లోపం, ఈ సినిమా ఎవరికి చెప్తాను.
3. అప్పుడు కొలబద్దతో పోల్చండి.
4. మార్కును పెన్సిల్‌తో వేయండి.
5. మరునాడు పొద్దున పెన్నుతో ఖాయం చేయండి. నాకైతే ఆ పని పంటు మీదే అవుతుంది.
6. ఇతరుల మార్కులు, రివ్యూలు ఆ తర్వాతే.

మూడు వాక్యాలు మార్కుకు ముందు ఎందుకంటే, అంకె వేసేశాక దాన్ని సమర్థించుకునే వాక్యాలే వస్తాయి. రాయడానికి ఏ దృశ్యమూ తట్టలేదా? అప్పుడు 4 వేయబోయే చెయ్యి దానంతటదే ఆగుతుంది.

పొద్దున ఖాయం చేసేటప్పుడు అర మార్కు వరకే మార్చుకోవచ్చని పెట్టుకున్నాను. అంతకన్నా ఎక్కువ మార్చాలనిపిస్తే పెన్సిల్ అంకెనే ఉంచి పక్కన "తిరగతోడాలి" అని రాసి, మూడు నెలల తర్వాత ఆ సినిమాను మళ్ళీ చూస్తాను.

ఇతరుల మార్కులు చూసేటప్పుడు ఏది ఏం చెప్తోందో తెలిసి చూడండి. ఐఎండీబీ అనే సైటు జనం ఓట్లతో పదికి వేస్తుంది, పైగా అది మామూలు సగటు కాదు, కొన్ని ఓట్లకు ఎక్కువ బరువు, కొన్నిటికి తక్కువ బరువు ఇచ్చి తీసేది. రాటెన్ టొమాటోస్ అనే సైటులో 90 శాతం అంటే వందకు 90 మార్కులని కాదు, విమర్శకుల్లో నూటికి 90 మంది బాగుందన్నారని. పదిమందిలో తొమ్మిదిమంది "ఫర్వాలేదు, చూడొచ్చు" అన్నా 90 శాతమే వస్తుంది. వీటిని సగం చేసి మీ ఐదుతో పోల్చడం కుదరదు.

## 9. పుస్తకం ఎలా ఉండాలి

మొదట్లో అంతా ఫోన్‌లోనే రాసేవాణ్ణి. ఒక రోజు పంటు ఒడ్డుకు తగిలే కుదుపుకి చేతిలో ఫోను జారి వశిష్ఠ గోదావరిలో పడింది. 74 సినిమాల మార్కులు, వాటి పక్కన రాసిన మాటలు అన్నీ పోయాయి. ఫోను పోయినందుకు ఇంట్లో తిట్టారు. 74 పోయినందుకు ఎవరూ ఓదార్చలేదు.

ఇప్పుడు లాంగ్ నోట్‌బుక్‌లో రాసి, ఆదివారం ఆ పేజీలను ఫొటో తీసి మెయిల్‌కు పంపుకుంటాను. యాప్ కావాలనుకునేవాళ్ళకు లెటర్‌బాక్స్‌డ్ ఉంది. తేదీల వారీ డైరీ, అర స్టార్ల నుంచి ఐదు స్టార్ల దాకా మార్కులు, అన్నీ మన పద్ధతికి సరిపోతాయి. దాంట్లోంచి మీ లెక్కంతా ఫైలుగా దింపుకోవచ్చు, నెలకోసారి దింపుకోండి. ఒక్క ఇబ్బంది, సినిమా పేజీ తెరవగానే జనం వేసిన సగటు కనిపిస్తుంది. కాబట్టి ముందు కాగితం మీద వేసి, తర్వాత అందులో ఎక్కించండి.

నా పుస్తకంలో ఒక రోజు ఇలా ఉంటుంది:

"సినిమా 112. సిటీ లైట్స్, 1931, 87 ని. ఫోను, ఒకే బిగి. సగంలో 3.5. దృశ్యం: పూలమ్మాయి చెయ్యి తాకి మనిషిని గుర్తుపట్టడం. లోపం: మధ్యలో తాగుబోతు షావుకారు సీన్లు ఒకటి రెండు ఎక్కువ. ఎవరికి: అమ్మకి. పెన్సిల్ 5. పెన్ను 4.5."

మొత్తం కలిపి అరపేజీ కూడా లేదు. దీన్ని పెద్ద రివ్యూగా రాయాలని కూర్చున్న రోజే మరుసటి సినిమా తప్పుతుంది.

థియేటర్‌లో చూస్తే "హాలు" అని రాయండి. మొదటి రోజు ఈలల మధ్య చూసిన సినిమాకు ఇంట్లో ఒంటరిగా చూసినదానికన్నా మార్కు పెరుగుతుంది. అది తప్పేమీ కాదు, ఎక్కడ చూశారో తెలిస్తే చాలు.

రోజువారీ చీటీ

- ఎనిమిదికల్లా భోజనం
- ఫోన్ పక్కన
- ఇంటర్వెల్ అంకె
- మూడు వాక్యాలు, పోలిక, పెన్సిల్
- రేపటి సినిమా డౌన్‌లోడ్
- పొద్దున పెన్ను

## 10. ఆదివారం ఇరవై నిమిషాలు

ఆ వారం ఏడు మార్కులూ చూడండి. ఒక పేజీలో అర నుంచి ఐదు దాకా గళ్ళు గీసి, ఏ మార్కు ఎన్నిసార్లు పడిందో గీతలు పెట్టండి. నెల తిరిగేసరికి మీ చెయ్యి ఎటు వంగుతోందో కంటికి కనిపిస్తుంది. రెండోసారి మొదలుపెట్టినప్పుడు నా మొదటి 60 సినిమాల్లో 41 సినిమాలు 3.5 గానీ 4 గానీ. అంటే ఆ రెండు గళ్ళలో మంచివీ మామూలువీ కలిసిపోయాయి.

దీనికి మందు బలవంతంగా తక్కువ వేయడం కాదు. ఎంచుకున్నవన్నీ పేరున్న సినిమాలైతే సగటు ఎక్కువ రావడం సహజమే. ఒకే మార్కు వేసిన సినిమాలను పక్కపక్కన రాసి, రెండేసి పోల్చండి. ఒకటి ఖాయంగా మేలనిపిస్తే రెండూ ఒకే గడిలో ఉండకూడదు. నేనలా 41లో పద్దెనిమిదింటిని 3కి దించాను, పాత అంకె కొట్టేయకుండా పక్కనే కొత్తది రాశాను.

## 11. మామూలుగా జరిగే తప్పులు, వాటి మందులు

ఒక గొప్ప సినిమా చూసిన మరునాడు ఏది చూసినా చప్పగా ఉండటం. 5 పడిన మరునాడు డాక్యుమెంటరీనో, పూర్తిగా వేరే రకమో పెట్టండి. అదే రకం పెట్టొద్దు.

ఒంట్లో బాగోని రోజు మార్కు. ఒక రాత్రి కరెంటు నాలుగుసార్లు పోయింది, దోమలు, ఉక్క. ఆ సినిమాకు 1.5 వేశాను. మూడు నెలల తర్వాత చల్లని రాత్రి చూస్తే అదే సినిమా 3.5. ఇప్పుడు అలాంటి రోజుల పక్కన "క" అని రాస్తాను, కరెంటుకైనా, కడుపునొప్పికైనా అదే అక్షరం.

అభిమాన హీరో. కొలబద్దలో మీ హీరో సినిమాలు ఒకటికి మించి ఉంచకండి. ఆయన సినిమా చూసిన రాత్రి పెన్సిల్ కూడా వద్దు, పొద్దున ఒకేసారి పెన్నుతో వేయండి. అంతకన్నా మంచి మందు నాకు దొరకలేదు. మనం డెల్టావాళ్ళం, అభిమానం విషయంలో మనకు కొలతలు తక్కువ.

ఇద్దరు కలిసి చూసినప్పుడు ఒకరి మార్కు ఇంకొకరికి అంటుకోవడం. చిన్న కాగితాల మీద విడివిడిగా రాసి, మడిచి, ఒకేసారి విప్పండి. మా ఆవిడ 2 వేయబోతోందని ముఖంలో ముందే తెలిసిపోతుంది, అందుకని ఇప్పుడు వీపులు తిప్పుకుని రాస్తున్నాం.

పాత సినిమాకు గౌరవం మార్కులు. నలుపు తెలుపులో ఉంది, పెద్దలు మెచ్చారు అని 4 వేయకండి. నిద్రొచ్చిందా, 2.5 వేయండి. పుస్తకం మీదే, ఎవరూ వచ్చి అడగరు.

అందరూ తిట్టినదాన్ని తిట్టడానికే చూడటం. నెలకు ఒకటి చాలు.

## 12. తప్పిపోయిన రోజు

తప్పుతుంది. అంతర్వేది తీర్థం, పెళ్ళి, ఆసుపత్రి, ఏదో ఒకటి ఉంటుంది. మరునాడు రెండు చూసి పూడ్చకండి. రెండో సినిమా నిద్రమత్తులో చూసి వేసే మార్కు కొలబద్దకే చెరుపు.

తేదీ ఒక గడిలో, సినిమా నంబరు ఇంకో గడిలో విడిగా రాసుకోండి. తేదీలు ఎలాగూ ఆగవు. నంబరు మాత్రం సినిమా చూసిన రోజే కదలాలి. ఖాళీ రోజు గడిలో కారణం ఒక్క మాటలో రాయండి.

కిందటి ముసురులో కరెంటు మూడు రోజులు లేదు. నిల్వ పెట్టిన మూడింటిలో రెండు అంతకుముందు వారమే చూసేశాను, మూడోదాని గడువు అయిపోయింది. మూడు గళ్ళలోనూ "వాన" అని రాశాను. నాలుగో రోజు సాయంత్రం ఫ్యాన్ తిరిగింది. ఎనిమిదికి భోజనం, ఎనిమిదిన్నరకు సినిమా, పుస్తకంలో నంబరు 203.